సైన్సు గదిలో మొలక కాయ

మా మనవరాలు స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఏడో తరగతి సైన్సు క్లాసులో పిల్లలు ఎలా నడుచుకోవాలో అందులో అచ్చు వేశారు. కింద రెండు గీతలు ఉన్నాయి. ఒకటి పిల్ల సంతకానికి, ఇంకొకటి ఇంట్లో పెద్దవాళ్ళ సంతకానికి. తన గీత మీద అది అప్పటికే సంతకం గిలికేసి, చివర తోక కూడా తిప్పింది.

"ఇక్కడ పెట్టెయ్యి అమ్మమ్మా, నేను ఆడుకోడానికి వెళ్ళాలి" అంది.

"ఉండు, చదవనీ."

"అది ఎవరూ చదవరు అమ్మమ్మా. అందరూ పెట్టేస్తారు."

"మరి నువ్వు చదివావా?"

"మేడమ్ చదివారు. మేమందరం ఎస్ మేడమ్ అన్నాం."

నాకు ఒళ్ళు మండింది. దాని మీద కాదు, ఆ 'ఎస్ మేడమ్' మీద. అది నాకు బాగా తెలిసిన మాటే. మా రోజుల్లో దాని పేరు వేరు, అంతే. ఆట కాసేపు ఆగితే కొంప మునగదని చెప్పి దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "మాకూ ఉండేవి సైన్సు క్లాసులో కట్టుబాట్లు. వాటి కోసం ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారికే వద్దండి అని చెప్పాను" అన్నాను. అది నమ్మలేదు. మా అమ్మ కూడా బతికున్నంత కాలం నమ్మలేదు.

మాది రాజోలు అవతల, కాలవ గట్టు వెంట పరుచుకున్న ఊరు. మా వైపు పిల్లలకి మాటలకన్నా ముందు 'ఆయ్' వస్తుంది. పెద్దవాళ్ళు ఏమడిగినా ఆయ్ అనాలి. అన్నం తిన్నావా అంటే ఆయ్. తినకపోయినా ఆయ్. కాదు, లేదు, వద్దు అనే మాటలు పెద్దల ముందు నోటివెంట రావడం పెంపకానికే మచ్చ. "మా పిల్ల ఎదురు మాట్లాడదండి" అని మా మామ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. మామ్మ అంటే మా నాన్న తల్లి. ఇంట్లో నేను ఎంత మొండిఘటాన్నో ఆవిడకి తెలుసు. అయినా చెప్పుకునేది.

బడిలో చదువంతా ఆ ఆయ్ మీదే నడిచింది. ఆరో తరగతిలో సైన్సంటే మేస్టారు పుస్తకం చదవడం, మేం వినడం. పేరా పూర్తయ్యాక "అర్థమయ్యిందా?" అనేవారు. తరగతంతా ఒక్క గొంతుతో ఆయ్ అనేది. ఆయన పేజీ తిప్పేవారు. ఆయనకీ సుఖం, మాకూ సుఖం.

ఏడో తరగతి మొదలైన కొత్తలో కొత్త టీచరు గారు వచ్చారు. ఏటి అవతల నుంచి పంటు మీద దాటి వచ్చేవారు. గంజి పెట్టిన నూలు చీర, నల్ల గొడుగు, చేతిలో ఒక రేకు పెట్టె. తమ ఇల్లు చర్చి పక్కనేనని, నాన్నగారు చేలో కూలికి వెళ్ళేవారని, తాను మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నానని మొదటి రోజే ఆవిడే చెప్పేశారు. ఆ సంగతులు గుచ్చి గుచ్చి అడుగుదామనుకున్న ఊరివాళ్ళకి అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఆ రోజు బోర్డు మీద ఒక కప్ప బొమ్మ వేశారు. "కప్ప నీళ్ళలోనూ ఉంటుంది, నేల మీదా ఉంటుంది. అర్థమయ్యిందా?" అన్నారు.

"ఆయ్."

"కప్పకి మూడు కాళ్ళు ఉంటాయి. అర్థమయ్యిందా?"

"ఆయ్."

ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "మూడు కాళ్ళ కప్పని ఎవరెవరు చూసేరో లేచి నిలబడండి" అన్నారు. ఎవ్వరం లేవలేదు. బయట కప్పలే అరుస్తున్నాయి, వానాకాలం కదా.

"చూడలేదు కదా. మరి ఆయ్ అన్నారేం?"

నా పక్క బెంచీ పిల్ల, కొట్టు వారి అమ్మాయి, నెమ్మదిగా అంది. "మీరు చెప్పేరు కదండీ."

టీచరు గారు నవ్వుతారేమో అనుకున్నాం. నవ్వలేదు. "నేను చెప్పినా సరే. మీ నాన్నగారు చెప్పినా సరే. హెడ్‌మాస్టారు గారు చెప్పినా సరే. సైన్సు క్లాసులో ఆయ్ జవాబు కాదు. చూసేరా, చూసింది చెప్పండి. చూడలేదా, చూడలేదండి అనండి. అందులో తప్పేం లేదు" అన్నారు. మేమందరం ఆయ్ అన్నాం.

సైన్సుకి విడిగా ఒక గది కావాలని ఆవిడ హెడ్‌మాస్టారు గారి వెంట పడ్డారు. ఆయన మంచివారే గాని దేనికీ తొందరపడే మనిషి కాదు. చివరికి వెనకవైపు ఉన్న డొక్కల గది ఇచ్చారు. మధ్యాహ్నం మాకు పెట్టే గోధుమ రవ్వ ఉప్మా వండే పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు, అంటే కాయ మీది పీచు తొక్కలు, అందులో వేసేవారు. డొక్కలన్నీ మేమే మోసి వంట పాకలోకి చేర్చాం. గోడలకి సున్నం కూడా వేశాం. ఎంత కడిగినా తడి డొక్కల వాసన ఆ గదిని వదల్లేదు. దానిమీద స్పిరిటు వాసన, పక్కనుంచి ఉప్మా తాలింపు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా డొక్క తడిసిన వాసన వస్తే నాకు సైన్సు పుస్తకం గుర్తొస్తుంది.

ఆ గదిలోకి అడుగు పెట్టాలంటే ఒక తంతు ఉండేది. చెప్పులున్నవాళ్ళు గుమ్మం బయట విడవాలి. మాలో చాలామందికి చెప్పులే లేవు కాబట్టి కాళ్ళు కడుక్కోవాలి. బోరింగు దగ్గర చేతులు తోముకుని, తుడుచుకోకుండా ముందుకి చాపి టీచరు గారికి చూపించాలి. ఆడపిల్లలం జడలు పైకి మడిచి రిబ్బను కట్టుకోవాలి, దీపం దగ్గర జుట్టు వేలాడకూడదని. మగపిల్లలు చొక్కా చేతులు మడవాలి. లోపలికి వెళ్ళాక బల్ల మీద ఏ వస్తువుంటే దాన్ని కాసేపు నోరెత్తకుండా చూడాలి. చింతాకు గాని, చేప మొప్ప గాని, తుప్పు పట్టిన మేకు గాని. చూస్తుండగా ఎవరైనా కిసుక్కుమంటే ఆ రోజు గది ఊడ్చే పని వాళ్ళదే. మొదటి వారాల్లో గదంతా నేనే ఊడ్చాను.

బోర్డుకి నడిమి నిలువుగా ఒక గీత ఉండేది. ఎడమవైపు 'చూసింది', కుడివైపు 'అనుకున్నది'. ఏం చెప్పినా అది ఎటువైపుకి వెళుతుందో మేమే చెప్పాలి. "చేప చచ్చిపోయిందండి" అన్నాడు ఒకడు. "అది చూసేవా?" అన్నారు టీచరు గారు. వాడు ఆలోచించి "కదలడం లేదండి, అది చూసేనండి. చచ్చిపోయిందని అనుకున్నానండి" అన్నాడు. అప్పుడు చేప తోక కొట్టింది. గదంతా నవ్వింది. ఊడ్చే పని అందరికీ పడింది.

ఇంటికి వెళ్ళి మేము ఈ గీత పెద్దవాళ్ళ మీద ప్రయోగించేవాళ్ళం. ఎదురింటి ఆవిడ పాలలో నీళ్ళు కలుపుతోందని మామ్మ అంటే, "చూశావా, అనుకున్నావా?" అని అడిగాను. అట్లకాడ నా వైపు లేచింది.

గింజల పాఠం వచ్చింది. ఎవరికి ఏ గింజ సంగతి తెలుసుకోవాలని ఉందో ఆ గింజ తెచ్చుకోవాలి. వెనక వసారాలో ఇసక కుండల్లో పెట్టి రోజూ నీళ్ళు పోయాలి. రోజూ చూడాలి. మొలక వచ్చాక ఒక రోజు అందరి ముందూ నిలబడి మొదటి నుంచీ చూసిందంతా చెప్పాలి. ఒకసారి పెట్టిన గింజని మధ్యలో మార్చకూడదు. చెప్పే వంతు పూర్తయినవాళ్ళకి దీపం వెలిగించే వంతు వస్తుంది.

ఆ దీపం గురించి చెప్పాలి. సిరా బుడ్డి మూతకి చిల్లు పెట్టి, వత్తి దూర్చి టీచరు గారే చేసిన స్పిరిటు దీపం అది. ఇంట్లో నేను రోజూ పొయ్యి ముట్టించేదాన్నే. కళ్ళు మండి ముక్కు కారేది. ఈ దీపానికి పొగ లేదు. నీలం మంట. వెలుతురులో అయితే మంట ఉందో లేదో కూడా తెలిసేది కాదు, పైన చెయ్యి పెడితే చురుక్కుమనేది. దాన్ని టీచరు గారు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, వంతు వచ్చిన పిల్లలు తప్ప. అగ్గిపుల్ల గీసి ఆ వత్తి ముట్టించాలని నాకు ఎంత ఉండేదో చెప్పలేను. నాన్న తిరునాళ్ళకి తీసుకెళ్తానన్నా అంత ఆశ పడలేదు.

అందరూ పెసలు, బొబ్బర్లు, ఆనప గింజలు తెచ్చారు. కొట్టు వారి అమ్మాయి కొట్లోంచి గుప్పెడు పెసలు పట్టుకొచ్చింది. నేను ఏం తేవాలో ఆలోచిస్తూ, "కొబ్బరికాయ కూడా విత్తనమేనా?" అన్నాను.

"విత్తనమేంటే, కాయ కదా. పచ్చడి చేసుకుంటారు" అంది అది. వెనక బెంచీలన్నీ నవ్వాయి.

టీచరు గారు నా వైపు చూశారు. "తెచ్చి చూస్తావా అమ్మాయ్? మొలవడానికి చాలా ఆలస్యం అవుతుంది. మధ్యలో మార్చడానికి లేదు. ఆలోచించుకో."

నవ్వకపోయి ఉంటే ఆలోచించుకునేదాన్నే. "తెస్తానండి" అన్నాను.

మా నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. సాయంత్రం రాశిలో ఒక ముదురు కాయ ఎంచి, చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్ళు పలికాక నా చేతిలో పెట్టాడు. "పక్కకి పడుకోబెట్టమ్మా. సగం కప్పు, సగం వదులు" అన్నాడు. ముచ్చిక పక్కన ఆయన కత్తి తగిలి చిన్న గాటు ఉంది. దాని బదులు వేరే కాయ ఇస్తానన్నాడు. నాకు అదే నచ్చింది.

పెసలు మర్నాటికే పగిలాయి. ఆ వారంలోనే కొట్టు వారి అమ్మాయి నిలబడి గడగడా చెప్పేసి, దీపం వెలిగించేసింది. వెలిగించి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. తర్వాత బొబ్బర్ల వాళ్ళు, ఆ తర్వాత ఆనప గింజల వాళ్ళు. వరసగా అందరి వంతులూ అయిపోయాయి. నా కాయ ఇసకలో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. రోజూ పొద్దున్నే నీళ్ళు పోసి, వంగి చూసి, బోర్డు ఎడమవైపు మూల 'మార్పు లేదు' అని రాసేదాన్ని. కొన్నాళ్ళకి ఆ మాట తుడపడం మానేశాం. తుడిచి మళ్ళీ అదే రాయడం ఎందుకని వెనక బెంచీ వాళ్ళ సలహా. టీచరు గారు ఒప్పుకోలేదు. "ఇవాళ చూసేకే ఇవాళ్టిది రాయాలి" అన్నారు. తుడిచి మళ్ళీ అదే రాశాను.

ఇంట్లో మామ్మకి నా బాధ అర్థమయ్యేది కాదు. దొడ్లో రాశి అడుగున వాటంతటవే మొలిచిన కాయలు ఎప్పుడూ ఒకటో రెండో ఉండేవి. వాటి కోసం ఇంట్లో పిల్లలందరం కొట్టుకునేవాళ్ళం. మొలక కాయ పగలగొడితే లోపల నీళ్ళుండవు, మెత్తగా, తెల్లగా, తియ్యగా పువ్వు ఉంటుంది. నోట్లో పెడితే కరిగిపోతుంది. తాటి టెంకలో బుర్రగుంజు కన్నా రుచి అది. పువ్వు పంచేటప్పుడల్లా మామ్మ గొణిగేది. "మొక్క తినే కూడు మీరు తింటున్నారర్రా. ఇంక అదేం బతుకుద్దీ." గొణుగుతూనే పెద్ద ముక్క తనూ నోట్లో వేసుకునేది.

ఒక రోజు నేను దిగాలుగా చద్దన్నం కెలుకుతుంటే, జానెడు మొలక ఉన్న కాయ ఒకటి తెచ్చి నా పక్కన పెట్టింది. "ఇది పట్టుకుపోయి అక్కడెట్టేసి, అది ఇంటికి తెచ్చెయ్యి. పచ్చడి చేస్తాను. మీ పంతులమ్మకి ఏం తెలుస్తుందీ?"

"మార్చకూడదన్నారు మామ్మా."

"మార్చేవని ఎవరు చూసేరూ?"

"నేను చూస్తాను కదా."

మామ్మ నా మొహంలోకి చూసి, "నీకు దెయ్యం పట్టిందే" అని ఆ కాయ పగలగొట్టింది. పువ్వు కమ్మగానే ఉంది. తిన్నాను. తినడానికి నాకేం పట్టుదల లేదు.

తర్వాత వాన పట్టింది. రోజుల తరబడి కురిసి కాలవ పొర్లింది. బడికి సెలవిచ్చారు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే వసారాలో కుండలన్నీ బోర్లా పడి ఉన్నాయి. నా కుండలో కాయ లేదు. వరద నీళ్ళలో కొబ్బరికాయ మునగదు కదా, తేలుకుంటూ పోయింది. మా ఊళ్ళో వానలకి అందరి రాశుల్లో కాయలూ ఇలాగే వీధిన పడి తేలుతుంటాయి, ఎవరికి దొరికినవి వాళ్ళు ఏరుకుంటారు. బడి ఆవరణలోకి తేలి వచ్చినవన్నీ హెడ్‌మాస్టారు గారి పాలేరు ఏరి, బడి వెనకే ఉన్న వాళ్ళ ఇంటి దొడ్లో రాశి పోశాడు.

"ఏదో ఒక కాయ పెట్టుకోవే, ఇంకెన్నాళ్ళు ఏడుస్తావు" అంది కొట్టు వారి అమ్మాయి. అది చెడ్డది కాదు. నా తరఫున దానికీ విసుగొచ్చింది.

నేను హెడ్‌మాస్టారు గారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నారు.

"ఆ రాశిలో మా కాయ ఉందండి."

"కాయ మీద నీ పేరు రాసుందేంటమ్మా?"

"లేదండి."

"మరింకేం. కాయలన్నీ ఒకలాగే ఉంటాయి కదా. ఏదో ఒకటి పట్టుకుపో. సరేనా?"

"ఆయ్" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది. పైనున్న కాయ ఒకటి తీసుకుని గేటు దాకా వెళ్ళాను. చేతిలో కాయ బరువుగా, నున్నగా ఉంది. నా కాయ ఇలా నున్నగా ఉండదు. దాన్ని రోజూ చూశాను, నాకు తెలుసు. ఏడుపు ముంచుకొచ్చింది. అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాను.

"ఇది కాదండి. మా కాయకి ముచ్చిక పక్కన కత్తి గాటు ఉంటుందండి. అటుపక్క ఎలక కొరికిన చిన్న గుంట ఉంటుందండి. వాటి మధ్య గోధుమ రంగు చార ఉంటుందండి" అన్నాను.

హెడ్‌మాస్టారు గారు చుట్ట పక్కన పెట్టి, పాలేరుని పిలిచి రాశి తిరగేయించారు. అడుగున దొరికింది. గాటు, గుంట, చార. ఆయన నా కాయని ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పి చూసి ఇచ్చేశారు. వాళ్ళావిడ లోపలి నుంచి వచ్చి నా చేతిలో కొబ్బరి లౌజు ఉండ పెట్టారు. మళ్ళీ ఇసక తెచ్చి కుండ నింపి, కాయని పక్కకి పడుకోబెట్టాను. బోర్డు మీద 'మార్పు లేదు' అని రాశాను. ఆ రోజు ఆ మాట రాస్తే ఎంత సంతోషమేసిందో.

చలి మొదలైంది. తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. తనిఖీ అయిపోతే మాకిక పరీక్షల చదువే. గది ఆరో తరగతి వాళ్ళకి వెళ్ళిపోతుంది, దీపమూ వాళ్ళదే అవుతుంది. వంతు మిగిలింది నాకొక్కదానికే. టీచరు గారు కూడా ఒకసారి నన్ను ఆపి, "మొలవకపోతే మొలవలేదనే చెబుదువుగాని. అదీ చూసిందే కదా" అన్నారు. నేను సరేనండి అన్నాను గాని మనసొప్పలేదు. మొలవని కాయ గురించి చెప్పి దీపం వెలిగించుకోవడం నాకు ముష్టెత్తినట్టు తోచింది. బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకొస్తూ కాయని తిట్టేదాన్ని, బతిమాలేదాన్ని. రాత్రి పెట్టుకున్న గోరింటాకు చేతులతో వెళ్ళి చూసిన ఒక పొద్దున, ముచ్చిక పక్కన, నాన్న కత్తి గాటుని ఆనుకుని, తెల్లటి మొన కనపడింది. వేలి గోరంత ఉంది.

అరవలేదు. అక్కడే గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయాను. లోపలికి వెళ్ళి బోర్డు మీద 'మార్పు లేదు' తుడిచాను. ఏం రాయాలో తోచలేదు. తరగతి అంతా వచ్చాక కొట్టు వారి అమ్మాయే వెళ్ళి చూసొచ్చి, ఊరంతా వినపడేలా చెప్పింది.

తనిఖీ రోజుకి మొలక జానెడైంది. ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగారు. భారీ మనిషి, మా కోనసీమ వారే, అమలాపురం దగ్గర ఊరట. హెడ్‌మాస్టారు గారింట్లో ఉప్మా పెసరట్టు తిని, కొబ్బరి నీళ్ళు తాగి, సంతోషంగా ఉన్నారు. మేం చెప్పులు విడిచిన చోటే ఆయన కూడా బూట్లు విప్పి సైన్సు గదిలోకి వచ్చారు. బల్ల మీద నా కుండ, పక్కన దీపం. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను, జడలు మడిచి రిబ్బను కట్టుకుని, మామ్మ ఉతికి ఆరేసిన పరికిణీలో.

ఆయన కళ్ళు కుండ మీద పడగానే మొహం విప్పారింది.

"మొలక కాయే. మా చిన్నప్పుడు ఈ పువ్వు కోసం అన్నదమ్ములం తన్నుకునేవాళ్ళం మేస్టారూ. మళ్ళీ తిని ఎన్నేళ్ళయ్యిందో" అన్నారు. అంతటితో ఆగలేదు. కాయని ఇసకలోంచి పైకి తీసి ఆడించి చూశారు. "కత్తుందా ఇక్కడ? పిల్లలూ, పగలగొడదామా? తలా కొంచెం తిందాం."

"ఆయ్" అన్నారు హెడ్‌మాస్టారు గారు.

"ఆయ్" అంది తరగతి అంతా.

వంట పాకలోకి కత్తి కోసం ఎవరో పరిగెత్తారు కూడా. టీచరు గారి వైపు చూశాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, ఎదురుగా పై అధికారి. ఆవిడ పెదవి విప్పేలోపే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"వద్దండి."

మా ఊళ్ళో ఒక పిల్ల అంత పెద్ద మనిషిని పట్టుకుని ఆ మాట అనడం అక్కడున్నవాళ్ళెవరూ వినలేదు. నేనూ వినలేదు. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఏమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"నా వంతు ఇంకా అవ్వలేదండి. ముందు చూడాలండి. తర్వాత నేను చెప్పాలండి. ఈ గదిలో అలాగేనండి."

"తప్పు, పెద్దవారితో..." అని హెడ్‌మాస్టారు గారు మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. కాయని మళ్ళీ ఇసకలో పడుకోబెట్టి, మా చిన్న బెంచీ మీద ఎలాగో ఇరుక్కుని కూర్చున్నారు. "సరే, చెప్పు" అన్నారు. గొంతులో నవ్వు లేదు. కోపమో కాదో నాకు తెలియలేదు.

చెప్పాను. నాన్న కాయ ఎంచడం, పక్కకి పడుకోబెట్టడం, మార్పు లేదని రాయడం, వరదలో తేలిపోవడం, గాటూ గుంటా చారా పట్టుకుని వెతకడం, తెల్ల మొన రావడం, అది పచ్చబడటం. పెసలతో పోలిస్తే ఎంత ఆలస్యమో, పీచులోంచి వేళ్ళు ఎక్కడ కనపడ్డాయో. ముందు మాట తడబడింది. తర్వాత తడబడలేదు. నాకన్నా ఆ కాయ గురించి తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు.

"బాగుంది. మరి లోపల ఏముంది?" అన్నారాయన.

"చూడలేదండి."

"కోనసీమలో పుట్టి, మొలక కాయలో ఏముంటుందో తెలీదా?"

"తెలుసండి. వేరే కాయల్లో పువ్వు చూసేనండి. తిన్నానండి. ఈ కాయలో చూడలేదండి. ఉంటుందని అనుకుంటున్నానండి" అని బోర్డు కుడివైపు చూపించాను.

ఆయన టీచరు గారి వైపు తిరిగారు. "ఇది మీరు నేర్పిందేనాండీ?"

"ఆయ్... నేను నేర్పిందేనండి" అన్నారు టీచరు గారు. ఆవిడ నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

"పగలగొడితే చూసినట్టవుతుంది కదమ్మా?" అన్నారు మళ్ళీ నాతో.

"చూసినట్టవుతుందండి. కానీ మొక్క బతకదండి. ఆ పువ్వు దాని తిండండి. మీరు చూడాలంటే ఇంట్లో వేరే కాయ ఉందండి, తెస్తానండి. దీన్ని పాతుకుంటానండి."

ఆయన కొంచెంసేపు బోర్డు మీద గీత వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి, కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లాడితో, "పట్టుకెళ్ళి యథాస్థానంలో పెట్టెయ్యి నాయనా" అన్నారు.

టీచరు గారు అగ్గిపెట్టె నా చేతిలో పెట్టారు. చెమ్మ పట్టిన పెట్టె. మొదటి పుల్ల విరిగింది. తర్వాతది గీసుకుని ఆరిపోయింది. పెద్దవాళ్ళు వెళ్ళిపోతారేమో, నా వంతు ఎవరూ చూడకుండా అయిపోతుందేమో అని భయమేసింది. ఇన్‌స్పెక్టరు గారు గుమ్మం దగ్గర బూట్లు వేసుకోకుండా అలాగే నిలబడ్డారు. ఈసారి పుల్ల మండింది. వత్తికి ఆనించాను. మంట కనపడలేదు. దాని మీద అరచెయ్యి పెట్టాను, చురుక్కుమంది. "వెలిగిందండి" అన్నాను.

సాయంత్రం హెడ్‌మాస్టారు గారు నన్ను పిలిచారు. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన మూలనున్న గునపం చూపించి, "బడి గేటు పక్కన తవ్వుకో. ఆవులు రాకుండా కంప నేను వేయిస్తాను" అన్నారు. మళ్ళీ ఆగి, "ఆయన్ని వద్దన్న సంగతి ఇంట్లో చెప్పకు" అన్నారు. చెప్పాను. నమ్మలేదని ముందే అన్నాను కదా.

మరుసటేడు టీచరు గారికి వేరే ఊరు బదిలీ అయ్యింది. మళ్ళీ నేను ఆవిడని చూడలేదు. చూసి ఉంటే చెప్పాల్సింది చాలా ఉంది. నేను పెద్ద చదువులేమీ చదవలేదు. అమలాపురంలో ఒక ఆసుపత్రిలో రక్త పరీక్షల గదిలో పనిచేశాను, రిటైరయ్యేదాకా. రోజూ చేతులు తోముకుని, జుట్టు ముడేసుకుని, మైక్రోస్కోపులోంచి చూసేదాన్ని. "మలేరియానే కదమ్మా?" అని డాక్టరు గారు తొందరగా అడిగినప్పుడల్లా, "ఇంకా చూడలేదండి" అనేదాన్ని. ఆ మాట అనడానికి ఎప్పుడూ భయపడలేదు. ఆ ధైర్యం నాకు డొక్కల గదిలో వచ్చింది.

మొన్న ఆ దారిన వెళ్ళినప్పుడు ఆటో ఆపించుకుని చూశాను. బడికి కొత్త డాబా వచ్చింది. డొక్కల గది లేదు. గేటు పక్కన చెట్టు ఉంది, రోడ్డు వైపుకి కొంచెం ఒరిగి, నిండా గెలలతో. కింద నిలబడొద్దు కాయలు పడతాయని ఎవరో ఒక పిల్లాడు నన్నే కేకలేశాడు.

ఇదంతా విని మా మనవరాలు అడిగింది.

"అయితే ఆ కాయలో పువ్వు ఉందా అమ్మమ్మా?"

"చూడలేదే."

"చెట్టయ్యింది కదా, కాసింది కదా. ఉండే ఉంటుంది కదా?"

"ఉండే ఉంటుంది. అది కుడివైపు రాసుకో" అన్నాను.

అది నవ్వలేదు. నా ఒళ్ళోంచి కాగితం తీసుకుని, మడత విప్పి, తను సంతకం పెట్టిన గీత వైపు ఒకసారి చూసి, పైనుంచి మొదటి వాక్యం వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆడుకోడానికి రమ్మని బయట పిల్లలు పిలుస్తున్నారు. నేను పెన్ను మూత పెట్టి, అది చదవడం పూర్తయ్యేదాకా కూర్చున్నాను.